నిప్పుకోడి మేసే చోటు: నైరోబీ నుంచి సంబురు దాకా

మొదటి రోజు: నైరోబీ నేషనల్ పార్కు

ఆగస్టులో నైరోబీకి వచ్చే తెలుగువారికి ముందుగా కావలసింది స్వెట్టరు. సముద్రమట్టానికి దాదాపు 1,700 మీటర్ల ఎత్తున ఉన్న ఈ నగరంలో జులై, ఆగస్టు నెలల్లో ఉదయం పూట మబ్బు కమ్మి ఉంటుంది, చలి కూడా బాగానే ఉంటుంది. ఇక్కడ ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు జీపును, డ్రైవరును మాట్లాడిపెట్టాడు. కెన్యాకు వచ్చేవారిలో ఎక్కువమంది సింహాలను, ఏనుగులను చూడాలని వస్తారు. కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నాకు మాత్రం వాటి కాళ్ల కింద ఉన్న గడ్డి మీద ఆసక్తి. ఎగరలేని, పళ్లు లేని, వంద కిలోలు దాటిన బరువుండే నిప్పుకోడి ఆ గడ్డి మీద ఎలా బతుకుతుందో, ఏది తిని ఏది వదులుతుందో దగ్గరగా చూడాలన్నది ఈ ప్రయాణంలో నేను పెట్టుకున్న పని.

1946లో ఏర్పడిన నైరోబీ నేషనల్ పార్కు కెన్యాలో మొదటి జాతీయ వనం. విస్తీర్ణం 117 చదరపు కిలోమీటర్లే. నగరం వైపు మూడు పక్కలా కంచె ఉంది. దక్షిణాన మాత్రం ఎంబగతి నది దాటితే అథి, కపితి మైదానాలు మొదలవుతాయి, అటువైపు జంతువులకు దారి ఇంకా తెరిచే ఉంది. వెనుక ఎత్తైన మేడలు, మధ్యలో స్తంభాల మీద సాగిపోయే కొత్త రైలు వంతెన, ముందు జీబ్రాల మంద కనిపించే ఈ దృశ్యాన్ని ఫొటోల్లో చాలామంది చూసే ఉంటారు. నాకు అంతకంటే ముందు కనిపించింది నేల. అచ్చం మన నల్లరేగడి. వాన పడితే బంక, ఎండితే నెర్రెలు. ఇలాంటి మట్టిలో పెద్ద చెట్లు నిలదొక్కుకోవడం కష్టం కాబట్టి, పెద్దగా ఎత్తు పెరగని ఒక రకం తుమ్మ మాత్రం ఇక్కడ విస్తారంగా ఉంది. దాని ముళ్ల మొదళ్లు బుడిపెల్లా ఉబ్బి ఉంటాయి. వాటిలో చీమలు కాపురముంటూ, ఆకు మేయడానికి వచ్చిన జంతువుల మూతిని కుట్టి తరిమేస్తాయి. చీమలు తొలిచిన రంధ్రాల మీదుగా గాలి వీస్తే ఈల వినిపిస్తుంది. మిగిలినదంతా తెమేడా గడ్డి. ఎండాకాలంలో రాగి రంగుకు తిరుగుతుంది.

మొదటి నిప్పుకోళ్లు మాకు ఆ రాగి రంగు గడ్డిలో కాక, దాని అంచున, జీబ్రాలు అప్పటికే మేసి వెళ్లిన కురచ గడ్డిలో కనిపించాయి. ఒక పుంజు, రెండు పెట్టలు. మసాయి ఉపజాతి పుంజుకు ఒళ్లంతా నలుపు, రెక్కల కొసలు, తోక తెలుపు. మెడ, తొడలు గులాబీ రంగులో ఉండి, జతకట్టే కాలంలో బాగా ఎరుపెక్కుతాయి. పెట్టలు మట్టి రంగులో ఉంటాయి. గంటకు పైగా జీపు ఆపి చూశాం. ఆవు నాలుకతో గడ్డిని చుట్టి లాగినట్లు ఈ పక్షి మేయదు. తల నేలకు దించి, ఒక్కొక్క చిగురును, పువ్వును, గింజల కంకిని ముక్కుతో పట్టి తుంచి, తల కాస్త ఎగరేసి లోపలికి విసురుకుంటుంది. నాలుగడుగులు వేస్తుంది, మళ్లీ తుంచుతుంది. దుర్భిణిలో చూస్తే అది ముక్కు పెట్టే చోట గడ్డి కంటే గడ్డి మధ్య మొలిచిన వెడల్పాటి ఆకుల చిరుమొక్కలే ఎక్కువగా ఉన్నాయి. మామూలు కోడికి మెడ కింద ఉండే గింజల సంచి దీనికి లేదు. అందువల్ల మింగినదంతా గొంతులో కొంతసేపు పోగై, ముద్దగా కట్టి, ఆ తర్వాత ఒక్కసారిగా కిందికి జారుతుంది. అలా జారే ముద్ద సన్నని మెడ పొడవునా, గొట్టంలో దొర్లే నిమ్మకాయలా, బయటికే కనిపిస్తుంది.

“మావయ్యా, మీరు పక్షిని చూస్తున్నారా, గడ్డిని చూస్తున్నారా?” అని మేనల్లుడు అడిగాడు. నిజానికి ఆ రెండింటినీ విడదీసి చూడటం ఇక్కడ కుదరదు. తల దించి మేస్తున్నంతసేపూ నిప్పుకోడికి చుట్టూ ఏం జరుగుతోందో కనిపించదు, తల ఎత్తి చూస్తున్నంతసేపూ తిండి ఉండదు. బ్రయాన్ బెర్ట్రామ్ అనే శాస్త్రవేత్త 1970లలో కెన్యాలోని త్సావో వెస్ట్ వనంలో సరిగ్గా ఈ సంగతినే కొలిచాడు. ఒంటరిగా మేసే పక్షి చాలాసేపు తల ఎత్తి చూస్తూ గడుపుతుందని, గుంపు పెరిగే కొద్దీ ఒక్కొక్క పక్షి కాపలా కాసే సమయం తగ్గి, మేసే సమయం పెరుగుతుందని అతని లెక్కలు చూపాయి. అయినా గుంపు మొత్తం మీద ఏదో ఒక తల పైకి లేచి ఉండే సమయం మాత్రం తగ్గదు. రెండున్నర మీటర్ల ఎత్తు, ఐదు సెంటీమీటర్ల వ్యాసమున్న కన్ను, గంటకు 70 కిలోమీటర్ల పరుగు అనే మూడు వరాలూ పనికివచ్చేది దృష్టికి అడ్డం లేని చోటనే. సింహం పొంచి ఉండగలిగినంత ఎత్తున గడ్డి పెరిగితే, అందులో ఎంత మేత ఉన్నా నిప్పుకోడికి ఆ చోటు పెద్దగా పనికిరాదు. కాబట్టి జీబ్రాలు, విల్డెబీస్టులనే పెద్ద జింకలు, పశువులు కాచుకునే మసాయి తెగవారి ఆవులు ముందుగా మేసి గడ్డిని కురచ చేసిన నేలే దీనికి అసలైన మేత భూమి.

తిరిగి వస్తూ దారి పక్కన ఒక పాత పరిచయాన్ని చూశాను: వయ్యారిభామ. మన పొలంగట్లను, రైలు పట్టాల పక్కలను ఆక్రమించిన ఆ కలుపు మొక్క తెల్లని పూలతో ఇక్కడా కొలువుదీరింది. మేతకు పనికొచ్చే చిరుమొక్కలు మొలిచే ఖాళీల్లోనే అది మొలుస్తుంది గనుక, నిప్పుకోళ్లకు దాని రాక ఏ విధంగానూ మంచిది కాదు.

రెండో రోజు: కిటెంగెలా మీదుగా అంబోసెలీకి

దక్షిణంగా, టాంజానియా సరిహద్దులోని నమంగా ఊరికి వెళ్లే దారి పట్టాం. నైరోబీ వనంలోని జంతువులు వానాకాలంలో ఏ మైదానాలకు వెళ్తాయో, ఆ మైదానాలే ఈ దారికి ఇరుపక్కలా ఉండాలి. కిటెంగెలా దాటేవరకు కనిపించినవి మాత్రం ఇళ్ల స్థలాలు, ఇనుప కంచెలు, సిమెంటు దుకాణాలు. మసాయిల ఉమ్మడి పచ్చికబయళ్లు కుటుంబాలవారీగా పంపకమై, ఆ తర్వాత ముక్కలుగా అమ్ముడుపోయాయి. భూమిని కంచె వేయకుండా, అమ్మకుండా ఉంచితే ఎకరాకు ఏడాదికి 4 డాలర్ల చొప్పున చెల్లించే ఒక పథకం 2000 సంవత్సరంలో మొదలైంది. నగరం పక్కన ఇంటి స్థలం పలికే ధర ముందు ఆ మొత్తం ఏపాటిదో హైదరాబాదు శివార్లలో భూములు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. మేత దొరికే చోటు వెతుక్కుంటూ తిరిగే పక్షికి కంచె రెండు విధాలా చేటు. దారి మూసుకుపోతుంది, భయపడి పరుగెత్తేటప్పుడు సన్నని తీగ కంటికి ఆనక అందులో చిక్కుకుంటుంది.

ఇసిన్యా దాటాక నేల విప్పారింది. కజియాడో దగ్గర ఒక ఆవుల మంద వెనుక పదిహేను దాకా నిప్పుకోళ్లు మేస్తూ కనిపించాయి. పశువుల కాపరి కుర్రవాడు వాటిని పట్టించుకోలేదు, అవీ అతన్ని పట్టించుకోలేదు. ఆ తర్వాత అంబోసెలీ చేరేవరకు చెప్పుకోదగినదంటే దుమ్మే.

మూడో రోజు: అంబోసెలీ

తెల్లవారుజామున కిలిమంజారో శిఖరం మబ్బు తొలగి కనిపించింది. 5,895 మీటర్ల ఆ కొండ టాంజానియాలో ఉన్నా, దాని నీళ్లు మాత్రం ఇక్కడే పైకి వస్తాయి. కొండ మీద పడిన వాన అగ్నిపర్వత శిలల గుండా ఇంకి, భూమి లోపలి నుంచే ప్రవహించి, అంబోసెలీలో బుగ్గలై ఉబికి చిత్తడి నేలలను పోషిస్తుంది. దాంతో 392 చదరపు కిలోమీటర్ల ఈ వనంలో ఒకదానిని ఆనుకుని ఒకటి పూర్తిగా వేర్వేరు నేలలు ఏర్పడ్డాయి. నడి వేసవిలోనూ పచ్చగా ఉండే జమ్ము, తుంగ, వాటి అంచున కురచ పచ్చిక, ఆపైన ఉప్పు పొదలు, చివరికి తెల్లగా ఎండిపోయిన పాత సరస్సు గర్భం.

చిత్తడి అంచున పెరిగే ఆ కురచ పచ్చికలో నేను వెంటనే గుర్తుపట్టింది గరిక. వినాయక చవితికి మనం కోసుకొచ్చే గరికే. ఏనుగులు దానిని కాలి గోళ్లతో గీకి, తొండంతో దులిపి తింటున్నాయి. నిప్పుకోళ్లు అక్కడ ఒకటి రెండు మాత్రమే ఉన్నాయి. ఎక్కువ పక్షులు ఉన్నది ఉప్పు పొదలకూ ఎండిన సరస్సుకూ మధ్య, నా కంటికి దాదాపు ఏమీ లేనట్లు కనిపించిన చోట. మా గైడు అక్కడికే తీసుకువెళ్లాడు. దగ్గరికి వెళ్లి చూస్తే ఆ ఏమీ లేని చోట రసం నిండిన ఆకులున్న పొట్టి మొక్కలు, పోయిన వానలకు మొలిచి ఎండిన గడ్డి కంకులు, వాటి కింద రాలిన గింజలు ఉన్నాయి. ఆకులో నీరు ఉంటే నిప్పుకోడి రోజుల తరబడి నీటి మడుగు వైపు వెళ్లకుండా ఉండగలదు. నీరు కనిపిస్తే మానుకోదు, తాగుతుంది. కానీ దాని కోసం మేత భూమిని వదిలి రావలసిన అవసరం దానికి తక్కువ. చిత్తడిని వదలలేని ఏనుగుకూ గేదెకూ లేని స్వేచ్ఛ ఇది.

ఎండ ముదిరాక పక్షులు రెక్కలను కొద్దిగా ఎత్తి, ఈకలు లేని తొడలకు, పక్కలకు గాలి తగలనిచ్చాయి. మేత మాత్రం ఆపలేదు. వనంలో గైడు అనుమతించిన ఒకచోట దిగి, అవి వదిలిన పేడను చూశాం. చదవడానికి ఇబ్బందిగా ఉన్నా వృక్షశాస్త్రం వాడికి అది గ్రంథమే. మామూలుగా పక్షులు మూత్రాన్ని, మలాన్ని కలిపి వదులుతాయి. నిప్పుకోడి మాత్రం విడివిడిగా వదులుతుంది. తెల్లగా చిక్కగా ఒకటి, గొర్రె పెంటికలను తలపించే ఉండలుగా మరొకటి. పుల్లతో విడదీస్తే పీచు చాలా సన్నగా నలిగి ఉంది. పళ్లు లేని జీవి ఇంత మెత్తగా ఎలా నమిలిందంటే, ఆ పని కందనకాయ చేస్తుంది. ఎదిగిన పక్షి కందనకాయలో కిలో దాకా గులకరాళ్లు ఉంటాయి. అవి అరిగిపోయేకొద్దీ కొత్తవి మింగుతూ ఉంటుంది కాబట్టి, మంచి మేత భూమి అంటే మంచి రాళ్లు దొరికే భూమి కూడా. బూడిద లాంటి దుమ్ము తప్ప ఏమీ లేని సరస్సు గర్భం వదిలి, లావా రాళ్లు తేలిన గట్టు వైపు పక్షులు వెళ్లడం మేం మధ్యాహ్నం చూశాం. రాళ్ల కోసమే వెళ్లాయని చెప్పను గానీ, నేలను ఏరుతూ వెళ్లాయి.

నలిగిన పీచు ఆ తర్వాత రెండు పొడవైన గుడ్డి పేగుల్లోకి, అసాధారణమైన పొడవున్న పెద్దపేగులోకి చేరుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి, పక్షికి శక్తినిచ్చే ఆమ్లాలుగా మారుస్తాయి. తిన్నది శరీరం దాటడానికి దాదాపు రెండు రోజులు పడుతుంది. పేగుల్లో పీచును పులియబెట్టుకునే విద్య గుర్రానికి ఉంది, జీబ్రాకు ఉంది. ఎగిరే పక్షుల్లో అరుదు, ఎందుకంటే అంత బరువైన పులియబెట్టే తొట్టిని మోసుకుని ఎగరడం కుదరదు. పొదిగిన పిల్లలకు మొదట్లో ఈ సూక్ష్మజీవులు ఉండవు. అవి పెద్ద పక్షుల పేడను పొడుచుకు తిని వాటిని సంపాదించుకుంటాయి. మిడతలు, పురుగులు, అప్పుడప్పుడు బల్లి దొరికినా నిప్పుకోడి కాదనదు. అయినా అది స్థూలంగా శాకాహారి.

రాత్రి శిబిరంలో మేనల్లుడు, “ఒకప్పుడు మన ప్రకాశం జిల్లాలో కూడా ఇవి ఉండేవట కదా మావయ్యా?” అన్నాడు. ఉండేవి. 2024లో బరోడాకు చెందిన పురాతత్త్వ పరిశోధకులు ప్రకాశం జిల్లాలో 41,000 ఏళ్ల నాటి నిప్పుకోడి గూడును గుర్తించినట్లు ప్రకటించారు. వేల సంఖ్యలో గుడ్డు పెంకు ముక్కలు ఒక్కచోటే దొరికాయి. అంతకు ముందే 2017లో హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు రాజస్థాన్, మధ్యప్రదేశ్ ప్రాంతాల్లో దొరికిన పాత పెంకుల నుంచి డీఎన్‌ఏ తీసి, అవి ఆఫ్రికా నిప్పుకోళ్లకు దగ్గరి చుట్టాలవేనని తేల్చారు.

ఆ పెంకు విషయంలో నాకు అన్నింటికంటే నచ్చే సంగతి ఒకటుంది. ఉష్ణమండలపు గడ్డిజాతుల్లో ఎక్కువ భాగం కిరణజన్య సంయోగక్రియలో సి4 అనే పద్ధతిలో గాలిలోని కార్బన్‌ను పట్టుకుంటాయి. చిరుమొక్కలు, పొదలు, చెట్లు ఎక్కువగా సి3 అనే మరో పద్ధతిలో పట్టుకుంటాయి. ఈ రెండింటిలో బరువైన కార్బన్ పాలు వేర్వేరుగా ఉంటుంది. పెట్ట ఏది తింటే ఆ గుర్తు గుడ్డు పెంకులోకి చేరి, వేల ఏళ్లు నిలిచి ఉంటుంది. దక్షిణాఫ్రికాలో ఇలా పెంకులను పరీక్షించినప్పుడు, చుట్టూ సి4 గడ్డి ఎంత ఉన్నా నిప్పుకోళ్లు సి3 మొక్కలనే ఎక్కువగా ఏరుకుని తిన్నట్లు తేలింది. గడ్డి మైదానపు పక్షిగా పేరుపడిన జీవి మేసేది గడ్డి కంటే గడ్డి మధ్యలోని మొక్కలను. నైరోబీలో నల్లరేగడి మీద మేం దుర్భిణిలో చూసిందీ ఇదే. గడ్డి దానికి భోజనం కంటే ఎక్కువగా చోటు: తల ఎత్తితే ఆకాశపు అంచు దాకా కనిపించే చోటు.

నాలుగో రోజు: దారి

అంబోసెలీ నుంచి నైరోబీకి, అక్కడి నుంచి ఉత్తరంగా నన్యుకీకి. రోజంతా జీపులోనే గడిచింది. భోజనానికి ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర, ఒక పెట్రోలు బంకు పక్కన కొన్న కాల్చిన మొక్కజొన్న కంకులు. నన్యుకీ దగ్గర భూమధ్యరేఖ బోర్డు కింద ఫొటో దిగాం. మౌంట్ కెన్యా మబ్బులోనే ఉండిపోయింది.

ఐదో రోజు: లైకిపియా అంచు మీదుగా సంబురుకు

నన్యుకీ నుంచి ఇసియోలో వైపు దిగే దారి కెన్యా ప్రయాణాల్లో నాకు అన్నింటికంటే నచ్చిన రోడ్డు. గోధుమ పొలాల చల్లదనం నుంచి గంటా రెండు గంటల్లో ముళ్లపొదల వేడిలోకి దించుతుంది. పడమట ఉన్న లైకిపియా పీఠభూమి నిప్పుకోళ్ల విషయంలో ఒక సరిహద్దు. దానికి దక్షిణాన మనం ఇంతవరకు చూసిన గులాబీ మెడ పక్షి. ఉత్తరాన నీలి మెడ సోమాలి నిప్పుకోడి. చాలాకాలం దీనిని ఉపజాతిగానే లెక్కించారు. 2014లో పక్షుల సంరక్షణ సంస్థ బర్డ్‌లైఫ్ ఇంటర్నేషనల్ వేరే జాతిగా గుర్తించింది. రెండూ దాదాపు 40 లక్షల ఏళ్ల కిందట విడిపోయాయని జన్యు పరిశోధనలు సూచిస్తున్నాయి. తూర్పు ఆఫ్రికా పగులు లోయ వాటి మధ్య అడ్డుగోడ అయిందని ఒక వివరణ.

ఆర్చర్స్ పోస్ట్ దాటి ఎవాసో న్యీరో నది ఒడ్డుకు చేరేసరికి సాయంత్రం. ఒడ్డు పొడవునా కొమ్మలు చీలిన డూమ్ తాటిచెట్లు. అవతల ఎర్రమట్టి.

ఆరో రోజు: సంబురు

ఇక్కడ వాన అనంతపురంలో కురిసేదానికంటే కూడా బాగా తక్కువ. గడ్డి అనదగినది ఆగస్టులో దాదాపు లేదు. గొడుగు తుమ్మలు, మోకాలెత్తు పొదలు, వాటి మధ్య ఎర్రని బోడి నేల, ఎండిన పల్లేరు కాయలు. పొదల్లో ఎక్కువ భాగం నీలిమందు మొక్క కుటుంబానికి చెందిన ఒక ముళ్ల జాతి. ఉత్తర కెన్యాలో మేకలకు, ఒంటెలకు ఎండాకాలపు ముఖ్యమైన మేత ఇదేనని గైడు చెప్పాడు. గైడు ఇక్కడి సంబురు తెగ మనిషి. చిన్నప్పుడు మేకలు కాచినవాడు కాబట్టి ఏ మొక్కను ఏ జంతువు ముడుతుందో అతనికి పుస్తకం అక్కరలేదు.

పుంజును చూడగానే తేడా తెలిసింది. మెడ, తొడలు సీసపు నీలం. మెడ మొదట మసాయి పుంజుకు ఉండే తెల్లని పట్టీ దీనికి లేదు. కానీ నేను ఎక్కువసేపు చూసింది దాని మేత తీరు. నైరోబీలోనూ అంబోసెలీలోనూ పక్షుల తలలు ఎక్కువసేపు నేల మీదే ఉన్నాయి. ఇక్కడ పుంజు మెడను నడుము ఎత్తున అడ్డంగా చాచి, పొద పైకొమ్మల చిగుళ్లను ముళ్ల మధ్య నుంచి ఒడుపుగా తుంచుతోంది. ఒక తుమ్మ కింద రాలిన కాయలను ఏరుకుంది. సోమాలి నిప్పుకోడి మేసేది ప్రధానంగా పొదల ఆకులను, మామూలు నిప్పుకోడి మేసేది ప్రధానంగా నేల మీది పచ్చికను అని పక్షిశాస్త్రం చెప్పే తేడా కళ్లముందు ఇంత స్పష్టంగా ఉంటుందని అనుకోలేదు. పొదలు కాస్త దట్టంగా ఉన్న చోటికి కూడా ఇది వెళ్తుంది. గుంపులు చిన్నవి, మేం చూసినవన్నీ జంటలు, లేదా ఒంటరి పక్షులు.

ఆ పొదల దగ్గరే జెరెనుక్ అనే పొడుగు మెడ జింక వెనుక కాళ్ల మీద నిలువుగా లేచి, తుమ్మ కొమ్మలు మేస్తోంది. దాని పైన వలచారల జిరాఫీ. కింద డిక్‌డిక్ అనే కుందేలంత జింక. ఒకే పొదల అడవిని ఇన్ని నోళ్లు అంతస్తులవారీగా పంచుకోగా, నేల నుంచి తన తలెత్తు దాకా ఎక్కడైనా ముక్కు పెట్టగలగడం నిప్పుకోడికి ఉన్న వెసులుబాటు. దానికి నిజమైన పోటీ సంబురు వన్యప్రాణి రిజర్వు బయట ఉంది. ఆర్చర్స్ పోస్ట్ చుట్టుపక్కల మేకల మందలు అవే పొదలను మొదలంటా కొరికేస్తున్నాయి. ఏ జాతికి ఎంత ముప్పుందో చెప్పే అంతర్జాతీయ జాబితాలో మామూలు నిప్పుకోడికి ప్రమాదం లేదని రాసి ఉన్నా, సోమాలి నిప్పుకోడి ముప్పు పొంచి ఉన్న జాతుల్లో చేరింది. గుడ్లు తీసుకుపోవడం, వేట దీనికి పెద్ద కారణాలు. మేత భూమి కుంచించుకుపోవడాన్ని కూడా వాటితో పాటు లెక్కలోకి తీసుకోవాలని ఆ మేకల మందలను చూశాక నాకు అనిపించింది. మేకలు కాచేవారిని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. ఆ కుటుంబాలకు ఉన్న ఆస్తి అదే.

వానలు నవంబరులో వస్తాయని, వచ్చిన కొద్ది రోజులకే ఈ ఎర్రని బోడి నేల మీద ఒక్క వానాకాలానికే బతికే గడ్డి, చిరుమొక్కలు మొలుస్తాయని గైడు చెప్పాడు. అవి లేతగా ఉన్నన్ని వారాలు నీలి మెడ పక్షులు కూడా పొదలను వదిలి, నది ఒడ్డుకు దూరంగా ఉన్న మైదానాల మీద తల దించుకునే మేస్తాయట. ఆ మేత ముదిరి ఎండాక మళ్లీ పొదల దగ్గరికి వస్తాయట. ఏ నెలలో ఏ వాగు పక్కన ముందుగా పచ్చబడుతుందో అతను నేల మీద పుల్లతో గీసి చూపించాడు. నేను దానిని నా పుస్తకంలోకి ఎక్కించుకున్నాను.